గౌను మార్చాలా? పిల్లను మార్చాలా?

ఆ సోమవారం సాయంత్రం పెళ్లివారింట్లో ప్రార్థన పెట్టుకున్నారు. శుక్రవారం ఉదయం పెళ్లి. ఆఖరి ఆమేన్ అయ్యీ కాకముందే పెళ్లికూతురి పిన్ని బీరువా తెరిచి నాలుగు గౌన్లు తీసి మంచం మీద పరిచింది. తోడిపెళ్లికూతుళ్ల గౌన్లవి. లేత గులాబీ రంగు, మెడ చుట్టూ చిన్న ముత్యాల వరుస, వెనక జిప్పు, నేలను ఊడ్చేంత పొడవు. ఒక్కొక్కటి 2,800 రూపాయలు. ఐదు రోజుల క్రితం గుంటూరు వెళ్లి, అమ్మాయిలను వెంట తీసుకెళ్లకుండానే, కంటి అంచనాతో కొనుక్కొచ్చారు. పెళ్లి పనుల్లో అన్నీ అలాగే జరుగుతాయి, ఎవరినీ తప్పు పట్టలేం.

మూడు గౌన్లు ముగ్గురికీ సరిపోయాయి. నాలుగో అమ్మాయి దగ్గరే చిక్కు వచ్చింది. ఆమెది కాస్త భారీ శరీరం, చిన్నప్పటి నుంచీ అంతే. జిప్పు నడుము దాటి పైకి రాలేదు. ఇద్దరు రెండు పక్కలా గుడ్డ దగ్గరికి లాగి పట్టుకున్నారు. పిన్ని జిప్పు లాగింది. "ఊపిరి బిగపట్టమ్మా" అన్నారు. ఆ పిల్ల బిగపట్టింది. ఇంకో రెండంగుళాలు పైకి వెళ్లి జిప్పు పళ్లు విడిపోయాయి. గదిలో అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. అలాంటప్పుడు నవ్వకపోతే ఏడవాల్సి వస్తుందని భారీగా ఉన్న ఆడపిల్లలకు చిన్నప్పుడే తెలిసిపోతుంది.

ఆ అమ్మాయి ఎవరో చెప్పాలి. వాళ్లమ్మ మా చర్చి ఊడ్చి తాళాలు వేస్తుంది. ఈ పిల్ల మందుల దుకాణంలో పనిచేస్తుంది. పెళ్లికూతురూ ఈమే ఒకే బెంచీలో చదువుకున్నారు, ఒకే సండేస్కూలు తరగతికి పాఠాలు చెప్పారు. నాలుగేళ్ల క్రితం పెళ్లికూతురి తండ్రి ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు బంధువులందరూ పగలు వచ్చి పలకరించి వెళ్లారు. రాత్రులు ఆ వరండాలో పెళ్లికూతురి పక్కన పడుకున్నది మాత్రం ఈ పిల్ల. పదకొండు రాత్రులు. తోడిపెళ్లికూతురిగా నిలబడమని పెళ్లికూతురు అందరికంటే ముందు అడిగింది ఈమెనే.

జిప్పు ఊడిన గౌను మంచం మీద పడి ఉంది. ఇప్పుడేం చేయాలి? బిల్లు తీసి చూశారు. "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు. మార్పిడి 7 రోజులలోపు, బిల్లుతో, ట్యాగు ఉన్నచో మాత్రమే, మధ్యాహ్నం 1 గంట నుంచి 4 గంటల వరకు" అని అచ్చు వేసి ఉంది. ట్యాగు కత్తిరించేశారు. పిన్ని కాసేపు ఆలోచించి, ఎవరి మీదా కోపం లేకుండా, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా ఒక మాట అంది. "పోనీ ఈ గౌను మా మరిది కూతురికి సరిగ్గా సరిపోతుంది. జిప్పొకటి వేయిస్తే చాలు. ఆ పిల్ల నిలబడుతుంది. ఫొటోల్లో కూడా నలుగురూ ఒక్కలాగే ఉంటారు. ఈ అమ్మాయి గుమ్మం దగ్గర పన్నీరు చల్లుతుందిలే."

ఆ గదిలో అప్పటికి అరగంట ముందే మేమంతా మోకాళ్ల మీద ఉన్నాం. ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు. సమస్య తేలిపోయిందన్న తేలిక కూడా కలిగింది, ఒప్పుకోవాలి. ఆ అమ్మాయే ముందు మాట్లాడింది. "పర్లేదు ఆంటీ, నేను భోజనాల దగ్గర కూడా చూసుకుంటాను" అంది. పెళ్లికూతురు తల వంచుకుంది.

గోడవారన కుర్చీలో కూర్చున్న అమ్మమ్మకు ఎనభై దాటాయి. చెవులు సరిగా వినబడవని అందరూ అనుకుంటారు. ఆమె చేతికర్రతో మంచం కోడు మీద కొట్టి, "మార్చాల్సింది గౌనునే, పిల్లని మారుస్తారేంటే?" అంది.

ఆ ఒక్క మాట దగ్గరే నా ఆలోచన ఇన్నాళ్లూ ఆగిపోయింది. ఎందుకంటే లేఖనంలో సరిపోని దుస్తుల కథ ఒకటుంది. మనమంతా సండేస్కూల్లో నేర్చుకున్నదే, అయినా ఆ వెలుగులో చదవలేదు. సమూయేలు మొదటి గ్రంథం 17వ అధ్యాయంలో గొల్యాతు మీదికి వెళ్లబోతున్న దావీదుకు సౌలు తన యుద్ధవస్త్రాలు తొడిగించాడు. ఇత్తడి శిరస్త్రాణం పెట్టాడు, కవచం వేయించాడు. సౌలు ఎలాంటివాడు? జనంలో ఎవరికంటే కూడా భుజాల మీది నుంచి ఎత్తరి అని అదే గ్రంథం 9వ అధ్యాయం చెబుతోంది. దావీదు ఇంట్లో ఎనిమిదిమంది కుమారుల్లో చివరివాడు. కత్తి కట్టుకుని రెండడుగులు వేయబోయాడు, తనకివి అలవాటు లేవని చెప్పి విప్పేశాడు.

మనం ఈ భాగం మీద వందల ప్రసంగాలు విన్నాం. ఐదు నున్నని రాళ్ల గురించి విన్నాం, వడిసెల గురించి విన్నాం. కవచం విప్పిన తర్వాత ఆ గుడారంలో జరగనిదేమిటో మాత్రం ఎవరూ చెప్పరు. సౌలు దగ్గర అంతటి సైన్యం ఉంది. ఆ కవచం పట్టేవాడు, ఎత్తూ లావూ ఉన్నవాడు దొరకడా? "ఈ కుర్రాడికి సరిపోవడం లేదు, సరిపోయేవాణ్ణి పిలవండి" అనడం రాజుకు ఎంత పని! అనలేదు. కవచమే పక్కకు వెళ్లింది, దావీదు మిగిలాడు. సౌలు తర్వాతి కాలంలో చేసిన తప్పులు మనకు తెలుసు. ఆ ఒక్క పూట మాత్రం ఆయన మనకంటే నయం.

పెళ్లిలో బట్టలు ఉంచి మనిషిని మార్చిన కథ కూడా బైబిల్లో లేకపోలేదు. ఆదికాండము 29లో లాబాను చేసింది అదే. ముసుగు అదే, విందు అదే, పెళ్లికూతురు మాత్రం వేరు. యాకోబు తెల్లవారి నిలదీస్తే తమ ప్రాంతపు ఆచారం సాకుగా చూపించాడు. మన ఇళ్లలో ఆచారం స్థానంలోకి ఇప్పుడు ఫొటో వచ్చింది. ఫొటోలో బాగుండదు అనే మాట ముందు ఎంతటి స్నేహమైనా నోరు మూసుకోవాల్సిందే. మరి యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో మందలించింది ఎవరిని? మంచి బట్టల వాడిని మంచి చోట కూర్చోబెట్టి, బీదవాణ్ణి అక్కడెక్కడో నిలబడమన్న సంఘాన్ని. "గుమ్మం దగ్గర పన్నీరు చల్లుతుందిలే" అన్నప్పుడు ఆ అధ్యాయం నాకు గుర్తు రాలేదు. రెండు రోజుల తర్వాత వచ్చింది. నా బైబిల్లో ఆ వాక్యాల కింద గీత కూడా గీసి ఉంది.

ఇక్కడ ఒకరిద్దరు పాఠకులు "అసలు మన పెళ్లిళ్లలో గౌన్లెందుకు? ఇదంతా పాశ్చాత్య వ్యామోహం" అనవచ్చు. కొంత నిజమే. 1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి తెల్ల సాటిన్ గౌనులో పెళ్లి చేసుకుంది. ఆమె వెనక పన్నెండుమంది కన్యలు కూడా తెల్లటి దుస్తుల్లో నడిచారు. తెల్ల పెళ్లిగౌనుకు అంత ప్రచారం రావడంలో ఆ పెళ్లి పాత్ర పెద్దది. దాన్ని క్రైస్తవ్యంతో పాటు వచ్చిన ఆజ్ఞగా చూడనవసరం లేదు. తెలుగు పెళ్లిళ్లలో తెలుపు మనకు కొత్తా కాదు, మధుపర్కాలు తెల్లవే. మన పల్లెల్లో ఇప్పటికీ చాలామంది క్రైస్తవ పెళ్లికూతుళ్లు తెల్లచీర కట్టుకుని తలమీద వేలు వేసుకుంటారు, పక్కన చెల్లెలో స్నేహితురాలో పట్టుపరికిణీలోనో ఓణీలోనో నిలబడుతుంది. పెళ్లికూతురి వెంట చెలికత్తెలు నడవడానికి కీర్తనలు 45లోనే చోటుంది. వాళ్లంతా ఒకే రంగు వేసుకున్నారని మాత్రం అక్కడ లేదు. అయితే నేను గౌన్లకు విరోధిని కాను. ఆడపిల్లలు ఒక్కరోజు ముచ్చటపడితే దాని మీద ప్రసంగం దంచాల్సిన పని లేదు. ఓణీ అయితే ఈ బాధ ఉండేది కాదన్నది మాత్రం నిజం. ఓణీ ఎవరి నడుముకైనా చుట్టుకుంటుంది. రెడీమేడ్ గౌను అలా కాదు. అది మొదట కొలత నిర్ణయించుకుంటుంది, తర్వాత మనిషిని వెతుక్కుంటుంది.

ఆ కొలత కూడా ఎవరిదో! గౌను మెడ లోపల "ఎల్" అని రాసి ఉంటుంది. ఒక కంపెనీ ఎల్ ఇంకో కంపెనీకి ఎమ్. మన బట్టల కంపెనీలు చాలాకాలంగా అమెరికా, యూరప్ కొలతల పట్టికలనే అటూ ఇటూ సర్దుకుని వాడుకుంటున్నాయి. అందుకే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ వారు ఇండియాసైజ్ పేరుతో ఒక సర్వే తలపెట్టారు. హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో, 15 నుంచి 65 ఏళ్ల లోపు ఆడవాళ్లూ మగవాళ్లూ పాతికవేల మందికి పైగా కొలతలు తీసి భారతీయులకు సొంత పట్టిక తయారుచేయాలన్నది ఆలోచన. అంటే మన శరీరాలు తప్పు కాదనీ, పట్టికే మనది కాదనీ ప్రభుత్వ సంస్థ కూడా గుర్తించింది. మన ఇళ్లలో మాత్రం జిప్పు పైకి రాకపోతే ఆడపిల్ల తినే అన్నం ముద్దలు లెక్కపెడతాం.

మళ్లీ ఆ ఇంటికి వద్దాం. అమ్మమ్మ మాటతో అందరూ కదిలారు. మంగళవారం మధ్యాహ్నం గుంటూరు వెళ్లి గౌను మార్చుకురావాలని నిశ్చయమైంది. అక్కడే రెండో పరీక్ష మొదలైంది. పిన్ని చాలా చురుకైన మనిషి. చెత్తబుట్టలో వెతికి కత్తిరించిన ట్యాగు బయటికి తీసింది. తడిగుడ్డతో తుడిచింది. గౌను రంగు దారం సూదికి ఎక్కించి, ట్యాగు మళ్లీ చంక దగ్గర ఎలా ఉండేదో అలాగే కట్టేసింది. జిప్పు పళ్లను కత్తెర మొనతో ఒక్కొక్కటీ సర్ది, పైకీ కిందికీ ఆడించి, పైకి చూస్తే తెలియకుండా చేసింది. మెడ దగ్గర అంటిన పౌడరు మరక దులిపింది. "ఒక్కసారి కూడా వేసుకోలేదని చెబుదాం" అంది. పెళ్లి తొందరలో ఇదొక పెద్ద అబద్ధమా? ఆ క్షణాన నాకూ అలా అనిపించలేదు. ఆటోలో నలుగురం వెళ్లాం. పిన్ని, పెళ్లికూతురి తల్లి, కొలత చూడటానికి ఆ అమ్మాయి, ఊరికే తోడుగా నేను.

దుకాణంలో మార్పిడికి పైఅంతస్తులో ఒక మూల వేరే బల్ల ఉంది. అక్కడ నిలబడి ఉన్న అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు. గౌను తిరగేసి మరగేసి చూసింది. "వేసుకున్నారా అండీ?" అని అడిగింది. "లేదమ్మా, చూడగానే చిన్నదని తెలిసిపోయింది" అని పిన్ని తడుముకోకుండా చెప్పింది. ఆ అమ్మాయి జిప్పు మీద చెయ్యి వేసింది. ఇంకా లాగలేదు.

"అక్కా, నేను వేసుకున్నాను. బలవంతంగా లాగితే జిప్పు పోయింది. ట్యాగు కూడా మేం మళ్లీ కట్టిందే."

అన్నది మాలో ఎవరం కాదు. ఆ గౌను మారకపోతే పెళ్లిలో చోటు పోగొట్టుకునే పిల్లే అంది. పిన్ని ముఖం ఎర్రబడింది. బల్ల వెనక అమ్మాయి ఏం చేయాలో తెలియక మేనేజరును పిలిచింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. బిల్లు మీద అచ్చు వేసిన నిబంధన చూపించాడు. జిప్పు పోయిన బట్టను మళ్లీ అమ్మకానికి పెట్టలేమన్నాడు. పైగా ఆ రంగులో పెద్ద సైజు కూడా లేదన్నాడు. పెళ్లని బతిమాలాం. చేతులు జోడించాడే గాని ఒప్పుకోలేదు.

నిజం చెబితే తలుపులు తెరుచుకుంటాయని సాక్ష్యాల్లో వింటుంటాం. ఆ రోజు తెరుచుకోలేదు. ఆ మాట దాచి ఈ సంగతి రాయలేను.

ఆ దుకాణం వారిని నిందించడానికీ నాకు మనసు ఒప్పుకోలేదు. చట్టం కూడా వారి వైపే ఉంది. 2019లో వచ్చి 2020 జూలైలో అమలైన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని సొమ్ము చెల్లించడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి. కుట్టు విడిపోయిన బట్టకో, రంగు వెలిసిన బట్టకో ఈ హక్కు ధైర్యంగా అడగవచ్చు, 1915 నంబరుకు ఫోనుచేసి ఫిర్యాదు చేయవచ్చు. క్రైస్తవుడు నోరెత్తకూడదనే నియమం ఏదీ లేదు. కానీ కంటి అంచనాతో కొని, బలవంతాన లాగి, జిప్పు తెంపింది మేము. ఆ లోపం మాది.

మన సంఘాల్లో దొంగ తూనికల గురించి ద్వితీయోపదేశకాండము 25 నుంచీ, లేవీయకాండము 19 నుంచీ గట్టిగా బోధిస్తారు. బోధించాల్సిందే. కానీ ఆ రెండు భాగాలు వింటూ మనం తల ఊపేది బల్లకు అవతలివైపున్న వర్తకుణ్ణి తలుచుకునే. బల్లకు ఇవతల నిలబడే మన గురించి సామెతలు 20వ అధ్యాయం 14వ వచనంలో ఉంది. కొనేవాడు సరుకు బాగాలేదు, బాగాలేదంటాడట, తీసుకుని వెళ్లాక మాత్రం గొప్పలు చెప్పుకుంటాడట. ఈ వచనం మీద నేను ఇంతవరకు ఒక్క ప్రసంగం కూడా వినలేదు. పెళ్లిలో కట్టి విప్పి, ఇస్త్రీ చేసి, ట్యాగు కుట్టి సోమవారం వాపసిచ్చే చీరల గురించి బట్టల దుకాణాల్లో పనిచేసే మన సంఘపు పిల్లలనే అడగండి, చెబుతారు. "మనమేం దొంగతనం చేశామా, అంత పెద్ద కొట్టుకు ఇదొక లెక్కా" అని మన సమాధానం.

ఆ లెక్క ఎవరి ఖాతాలో పడుతుందో నాకు ఆ రోజే తెలిసింది. మెట్లు దిగుతుంటే బల్ల దగ్గరి అమ్మాయి వెనకే వచ్చింది. మేనేజరు లేని చోట చూసుకుని, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "నువ్వు చెప్పావు కాబట్టి బతికాను. పోయిన నెల ఇలాగే ఒకటి చూసుకోకుండా తీసుకున్నాను, నా జీతంలో పట్టుకున్నారు" అంది. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది వరకు ఆమె నిలబడే ఉంటుంది. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు చేశాయంటే, అడగకపోతే కుర్చీ కూడా ఇవ్వని పని అది. మేము సూదీ దారంతో కట్టుకుపోయిన అబద్ధం ఆ పెద్ద కొట్టు యజమానిని చేరేదే కాదు. మధ్యలో ఈ పిల్ల దగ్గరే ఆగిపోయేది. ఆమె జీతం ఎంతో నేనడగలేదు. ఆ గౌను ఖరీదు ఆమెకు చిన్న మొత్తం కాదని మాత్రం ఆమె ముఖం చూస్తే తెలిసింది.

ఆటోలో తిరిగి వస్తూ ఎవరూ మాట్లాడలేదు. పిన్ని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరు దగ్గర పడ్డాక పెళ్లికూతురి తల్లి ఆటోను మా సంఘంలో బట్టలు కుట్టే సోదరి ఇంటి ముందు ఆపించింది.

ఆమె గౌను లోపలివైపు తిప్పి పక్క కుట్లు చూసింది. మన ఊళ్లో జాకెట్టు కుట్టేవాళ్లు పక్కల్లో అంగుళం గుడ్డ లోపలే వదిలి, రెండు మూడు వరసలు కుట్టు వేస్తారు. ఒళ్లు వస్తే ఒక వరస విప్పుకోవచ్చు. రేపు ఈ మనిషి మారుతుందని, మారడం తప్పు కాదని ఆ కుట్టులోనే ఉంటుంది. రెడీమేడ్‌లో అలా వదలరు, గుడ్డ దండగ. "దీంట్లో విప్పడానికేం లేదమ్మా, పక్కల్లో పట్టీ వేయాలి. ఇదే గుడ్డ కావాలి" అంది. ఇదే గుడ్డ ఎక్కడ దొరుకుతుంది?

ఇక్కడ నాకు హన్నా గుర్తొస్తుంది. సమూయేలును షిలోహులో ఏలీ దగ్గర విడిచి వచ్చాక ఆమె ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి, భర్తతో బలి అర్పించడానికి వెళ్లినప్పుడు తీసుకెళ్లి ఇచ్చేదని సమూయేలు మొదటి గ్రంథం 2వ అధ్యాయంలో ఒకే ఒక్క వచనం ఉంది. ఆమె ప్రార్థన గురించి మనకు బాగా తెలుసు. ఈ అంగీ గురించి తక్కువ ఆలోచిస్తాం. కొడుకును ఏడాదికొక్కసారి చూసే తల్లి, రాబోయే ఏటికి ఎంత ఎదుగుతాడో ఎలా తెలుసుకుంది? పొరుగువాళ్ల పిల్లల్లో ఆ వయసువాణ్ణి నిలబెట్టి కొలుచుకుందేమో. ఒక వేలు వదులుగానే కుట్టిందేమో. ఏదో ఒక ఏడు చేతులు పొట్టి అయి ఉండాలి, అక్కడే షిలోహులో కూర్చుని మడత విప్పి ఉండాలి. ఇవి నా ఊహలే, గ్రంథంలో లేవు. గ్రంథంలో ఉన్నది ఏటేటా అన్న మాట. నిరుటి అంగీ పట్టడం లేదని ఆమె కొడుకును కోప్పడిందా? ఎదిగినందుకు దేవుణ్ణి స్తుతించి, మళ్లీ దారం చేతపట్టి ఉంటుంది. అలాగే యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు ఏం చూపించారు? ఆమె కుట్టిన అంగీలూ వస్త్రాలూ. అవి దుకాణంలో కొని పంచినవి కావు. ఎవరి భుజం ఎంతో, ఎవరి చెయ్యి పొడవెంతో తెలిసిన చేతులు కుట్టినవి.

గుడ్డ సంగతి ఆ రాత్రి మిగతా ముగ్గురు అమ్మాయిలే తేల్చారు. వాళ్ల మూడు గౌన్లూ నేలను ఊడ్చేంత పొడవున్నాయని మొదటే చెప్పాను కదా. ఒక్కొక్కదాని కింది నుంచి మూడంగుళాలు కత్తిరించమన్నారు. కుట్టే సోదరి "కొత్త గౌన్లమ్మా, మళ్లీ అతకదు, ఆలోచించుకోండి" అని రెండుసార్లు హెచ్చరించింది. ఒక అమ్మాయి తల్లి గుమ్మం దగ్గర నిలబడి కాస్త సణిగింది కూడా, ఎవరి డబ్బో అని. కత్తెర పడింది. నాలుగో గౌను కింద కూడా మూడంగుళాలు తీసి నలుగురికీ చీలమండల ఎత్తుకు సమం చేశారు. తీసిన గుడ్డలో రెండంగుళాల వెడల్పు పట్టీలు చంక నుంచి తుంటి దాకా రెండు పక్కలా పడ్డాయి. వెనక కొత్త జిప్పు, నలభై రూపాయలు. బుధవారం రాత్రి పదకొండింటికి ఆ అమ్మాయి గౌను వేసుకుని, ఊపిరి మామూలుగా పీలుస్తూ, కుట్టుమిషను ముందు నిలబడింది.

శుక్రవారం పెళ్లిలో నలుగురూ వరుసగా నడిచారు. అయ్యగారు ఆ రోజు కొత్త దంపతులకు ఎఫెసీ పత్రిక నుంచి బోధించారు, చక్కగానే బోధించారు. నా చూపు మాత్రం ఆ పట్టీల మీదే ఉంది. దగ్గరికెళ్లి చూస్తే అతుకు తెలుస్తుంది, గుడ్డ అల్లిక అడ్డంగా పడింది. ఫొటోలోనూ తెలుస్తుందనుకుంటాను, ఆల్బమ్ ఇంకా రాలేదు. అమ్మమ్మ ముందు వరుసలో కూర్చుని, ఆ అమ్మాయి పక్కనుంచి వెళ్తుంటే గౌను అంచు పట్టుకుని చూసి వదిలింది.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధనలో కానుకలు పట్టే సమయానికి పిన్ని నా పక్కనే ఉంది. కృతజ్ఞత కవరు కోసం హ్యాండ్‌బ్యాగు తెరిచి వెతుకుతుంటే, లేత గులాబీ దారం వేలాడుతున్న ట్యాగు ఒకటి కవరుతో పాటు బయటికి వచ్చింది. మంగళవారం నుంచీ అక్కడే ఉన్నట్టుంది. ఆమె నన్ను చూసింది. నేను పాటల పుస్తకంలోకి చూశాను. కానుక సంచి మా వరుసకు వచ్చింది. ఆమె కవరు అందులో వేసి, ట్యాగును బైబిలు అట్టకూ మొదటి పేజీకీ మధ్య పెట్టుకుంది.